ఏడో నంబరు బండి నడిపిన చెయ్యి

ఠాణా గోడ గడియారం తొమ్మిదీ పది చూపిస్తోంది. లాకప్‌లో ఉన్న కార్ల రాలీ జట్టు మెకానిక్ నవీన్‌ను నిన్న సాయంత్రం ఐదింటికి పట్టుకున్నారు. ఇవాళ ఐదు లోపల మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. నిలబెడితే హత్య కేసు. ప్రత్యేక రాష్ట్రం కోసం సహాయ నిరాకరణ మొదలై రెండో వారం. వకీళ్లు కోర్టులు బహిష్కరించారు. నవీన్ తరఫున నోరు విప్పే నల్లకోటు జగిత్యాల మొత్తం మీద దొరకదు.

రాజేశం చేతిలో ఉన్న సమయం ఎనిమిది గంటలకు పది నిమిషాలు తక్కువ.

"ఏం రాజేశం, ఖాకీ బట్టలిడిచినా ఠాణా మీద ప్రేమ పోలేదా?" అన్నాడు సీఐ పురుషోత్తం, కుర్చీలోంచి లేవకుండా.

రాజేశం ఏడాది కిందటి దాకా ఎస్సై. ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివ్. నిన్నటి కార్ల రాలీలో ఏడో నంబరు బండి బోల్తా పడి, పక్క సీట్లో కూర్చుని మలుపులు చదివి చెప్పే నావిగేటర్ మధుకర్ చనిపోయాడు. డ్రైవర్ సాకేత్ రావు నుదుటి మీద గీతతో బయటపడ్డాడు. ఆ ప్రమాదం ఎందుకు జరిగిందో తేల్చమని రాలీ నిర్వాహకులు రాజేశాన్ని పెట్టుకున్నారు.

"తేల్చుటానికి ఏమున్నది?" సీఐ వేళ్లు ముడిచాడు. "ఒకటి, బ్రేకు పైపు కోసి ఉన్నది. రెండు, ఈ నవీన్‌గాని జేబుల కట్టర్ దొరికింది, దాని అంచుకు రబ్బరు పొడి. మూడు, మొన్న సిరిసిల్లల అందరి ముంగట సాకేత్ రావుతోని లడాయి పెట్టుకున్నడు."

"లడాయి దేనికి?"

"వాళ్ల అక్క మొగడు వినోద్ లేడూ, నిరుడు సాకేత్ రావు జట్టుల రెండో డ్రైవర్. ఈసారి లైనప్‌ల నుంచి తీసేసి స్పేర్‌ల ఏసిండ్రు. దాని మీద కచ్చ. అయిపాయె. నువ్వింక కొత్తగ కథ రాస్తవా?" సీఐ నవ్వాడు. "కథలు రాసుడు నీకు మంచిగనే వచ్చు గదా."

పక్కనున్న రైటర్ కానిస్టేబుల్ తల వంచుకున్నాడు. పద్నాలుగు నెలలుగా రాజేశం వింటున్న ఎత్తిపొడుపు అది. జవాబు లేని మాట పడినప్పుడల్లా తాను కాగితాలు వెతుకుతున్నట్టు నటిస్తాడని అతనికి తెలుసు. ఇప్పుడూ అదే చేశాడు. కాకపోతే ఈసారి చేతికి నిజంగానే పనికొచ్చే కాగితం తగిలింది.

"ఇది చూడు. ఏడో నంబరు బండి టైములు. మొన్న టైము కట్టే పరుగులు, ఐదు స్టేజీలు నడిచినయ్. రెండేమో జనం ముంగట. మూడేమో గంభీరావుపేట దిక్కు అడవి బాటల. జనం ముంగట నడిచినప్పుడు వేగంల ఈ బండి ఎనిమిదోది. అడవిల రెండోది. కోయంబత్తూరు జట్టు ఒక్కటే దీని ముంగట ఉన్నది."

"అయితే?"

"బండి అదే. ఇంజను అదే. టైర్లు గూడ మార్చలే. కిలోమీటరుకు నాలుగు సెకన్ల తేడా యాడికెల్లి అచ్చింది?"

"గతుకుల మీద మంచిగురుకుతదేమో. నాకు నాలుగు సెకన్లు గాదు, ఐదింటి గడువు ముఖ్యం," అని సీఐ ఫైలు మూశాడు.

లాకప్‌లో నవీన్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఇరవై నాలుగేళ్లుంటాయి. చేతుల మీద గ్రీజు ఇంకా కడుక్కోలేదు.

"పైపు నువ్వే కోసినవా?"

నవీన్ గోళ్లలోని గ్రీజు గీక్కున్నాడు.

"సరే. కోస్తే ఎప్పుడు కోసినవ్?"

నవీన్ తలెత్తాడు. 'ఎందుకు' అని అందరూ అడిగి ఉంటారు. 'ఎప్పుడు' అని ఎవరూ అడిగినట్టు లేదు. ఆ కళ్లలో భయం కనబడుతుందని రాజేశం అనుకున్నాడు. కనబడింది భయం కాదు. తన రహస్యానికి ఎవరో దగ్గరగా వచ్చినప్పుడు మనిషి పడే సిగ్గు. అది రాజేశానికి బాగా తెలిసిన సరుకు.

"మీరేం రాసుకుంటరో రాసుకోండ్రి సార్, నేను సంతకం పెడ్త. మా అమ్మను మాత్రం అడుగకుండ్రి. కోరుట్లల బీడీలు చేసుకుంట బతుకుతది. ఆమెకేం తెల్వది."

ఏమీ తెలియని మనిషిని అడగవద్దని ఎవరూ బతిమాలరు. రాజేశం గడియారం చూసుకుని బయటికి నడిచాడు.

సాకేత్ తండ్రి అనంత్ రావు ఇంటి ముందు బండి ఆపేసరికి తొమ్మిదీ నలభై. ముత్తాతల కాలంలో పది ఊళ్ల దొరతనం. ఇప్పుడు రైస్ మిల్లులు, కార్ల షోరూం, ఈ రాలీ జట్టు. హాల్లో ఒక గోడ నిండా కప్పులు. ఆ గోడ కింద సోఫాలో సాకేత్ రావు పడుకుని ఉన్నాడు, నుదుటి మీద చిన్న పట్టీతో. తండ్రి పక్కనే నిలబడ్డాడు.

"ఐదు నిమిషాలు ఇస్త," అన్నాడు అనంత్ రావు. "పిలగాడు షాక్‌ల ఉన్నడు."

"రెండు చాలు సార్. సాకేత్, కొండగట్టు వెనక స్టేజి ఎన్నింటికి మొదలువెట్టినవ్?"

"ఒంటిగంటా ఐదు. టైం కార్డుల ఉంటది."

"పల్టీ కొట్టింది?"

"ఒకటీ పన్నెండు. కుడి మలుపు. ఫోర్త్ గేర్ల ఉన్న. బ్రేక్ కొట్టిన, పెడల్ కిందికి పోయింది. బండి ఎడమకు జారి బండరాయికి తాకింది. మధుకర్ దిక్కు."

"తర్వాత?"

"రెండు పల్టీలు. తలకిందుల ఆగింది."

"బెల్టుకు యేలాడుకుంట ఉన్నవన్నట్టు. ఎంతసేపు?"

"రెండు మూడు నిమిషాలు. ఎవరో గుంజిండ్రు."

"అంగీ బొత్తాలు తీస్తవా ఒక్కసారి?"

"ఏయ్!" అనంత్ రావు ముందుకొచ్చాడు. "ఎవరింట్ల నిలబడి మాట్లాడుతున్నవ్?"

"తెలుసు సార్. నూరు కిలోమీటర్ల వేగం మీద బండి బోల్తా పడితే, ఆ బెల్టులు రెండు భుజాల మీద బొబ్బలు లేపుతయ్. వారం దాకా నల్లగ కమిలి ఉంటది. అది చూసి పోత. మీ బాబు చెప్పింది నిజమని రాసుకుంట."

సాకేత్ కదల్లేదు. చెయ్యి మాత్రం మెల్లగా మెడ దగ్గరికి పోయి, కాలర్‌ను దగ్గరికి లాక్కుంది. అది అతనికి తెలియకుండానే జరిగింది. రాజేశం చూశాడు. తండ్రి కూడా చూశాడు.

"తియ్యి," అన్నాడు అనంత్ రావు.

"డాడీ..."

"తియ్యమన్ననా?"

మూడు బొత్తాలు ఊడాయి. రెండు భుజాలూ పాలలా తెల్లగా, ఒక్క మచ్చ లేకుండా ఉన్నాయి.

అనంత్ రావు చూపు కొడుకు భుజాల మీది నుంచి లేచి, గోడకున్న కప్పుల మీదికి పోయింది. ఒకదాని తర్వాత ఒకటి, వరసగా, మొదటిసారి చూస్తున్నవాడిలా చూస్తున్నాడు. వాటిలో తన కొడుకువి ఎన్నో, కానివి ఎన్నో ఆయనకు ఇప్పుడు తెలియదు. రాజేశం ఆ ముఖం చూడలేక కాగితాలు సర్దుకున్నాడు. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి గొంతు వినిపించింది, కోపం లేకుండా: "ఈ ఇంట్ల మాట బయట అన్నవంటే, మాకు తెలిసిన సాక్షి ఒక్కడు గూడ నీ దిక్కు నిలబడడు. యాది పెట్టుకో."

అది బెదిరింపు కాదు, లెక్క. జట్టులో ఉన్నవాళ్లంతా ఆయన జీతగాళ్లే. ఏడో నంబరు బండి నడిపింది సాకేత్ కాదని తెలిసిపోయింది. అడవి బాటల్లో అంత వేగంగా నడపగలిగిన మనిషి ఆ జట్టులో ఒక్కడే, లైనప్‌లో పేరు లేని వినోద్. నల్ల అద్దం హెల్మెటు, ఒకే రంగు దుస్తులు. టైం కార్డు మీద ముద్ర వేసేవాళ్లు నంబరు చూస్తారు గాని ముఖం చూడరు. కానీ చూసినవాళ్లు ఎవరైనా ఉండాలి కదా. రాజేశం టైం కార్డు నకలు తీశాడు. నిన్న ఉదయం సిరిసిల్లలో బండి సర్వీసు, ఆరూ ముప్పై నుంచి ఏడుంబావు దాకా. గంభీరావుపేట స్టేజి, ఎనిమిది. ఆ తర్వాత కోరుట్లలో ముప్పై ఎనిమిది నిమిషాలు ఆలస్యం. కారణం దగ్గర ఒకే మాట: వంటావార్పు.

ఉద్యమకారులు నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుకుని తింటుంటే రాలీ బండ్లన్నీ ఆగిపోయాయి. రాలీ మొత్తంలో డ్రైవర్లు హెల్మెట్లు తీసిన చోటు అదొక్కటే.

కోరుట్ల. నవీన్ వద్దన్న ఊరు.

పదీ యాభైకి రాజేశం ఆ ఇల్లు పట్టుకున్నాడు. నవీన్ తల్లి కొమురమ్మ గడప పక్కన చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. కొడుకు లాకప్‌లో ఉన్నా వేళ్లు ఆగలేదు. ఆగితే ఏడుపొస్తుందని ఆపడం లేదని చూడగానే తెలుస్తోంది.

"నవీన్ గురించి అచ్చిన అమ్మా. నేను పోలీసును గాదు."

"నా కొడుకు గట్లాంటోడు గాదు సారు," అంది ఆమె తునికాకు కత్తిరిస్తూనే. "బండ్లకు బొట్టు పెట్టి మొక్కి తాళం తీస్తడు. వాడు బండిని పాడుచేస్తడా?"

"నిన్న ఈడ వంటావార్పు అయింది గదా. మీరున్నరా?"

"ఉండకపోతే ఎట్ల? బీడీలు చేసే ఆడోళ్లమంత కలిసి పెట్టినం పొయ్యిలు. ఎవ్వలచ్చినా ఒక్క ముద్ద తిననిదే బండి కదలనియ్యద్దనుకున్నం. అన్నం, పప్పు, వంకాయ. ఆ రేసు పోరగాండ్లు గూడ దిగిండ్రు. టోపీలు తీసి రోడ్డు మీదనే కాళ్లు మడిచి సకిలం ముకిలం పెట్టుకొని తిన్నరు. వాళ్లల్ల ఒక అరవపోరడు మూడుసార్లు పెట్టిచ్చుకున్నడు." ఆమె ముఖంలో క్షణం నవ్వు మెదిలి పోయింది. "ఏడో నంబరోడు దిగలే."

"ఏడో నంబరని ఎట్ల తెల్సు?"

"అంకెలు రావనుకుంటున్నవా? ఇరవై ఐదేండ్ల నుంచి కట్టలు లెక్కపెడుతున్న."

"తప్పయింది. చెప్పుండ్రి."

"పక్కనున్న పిలగాడు దిగి తిన్నడు. మంచోడు, చెయ్యి గడుక్కొని దండం గూడ పెట్టిండు. గా డ్రైవరు మాత్రం టోపీ తియ్యకుంట అట్లనే కూసున్నడు. నాకు కోపమచ్చింది. బండి అద్దం మీద కొట్టి, ఏం దొరా, మా చేతిది తింటే తక్కువైపోతవా అన్న. అద్దం దించిండు. మాట్లాడలే. చేతికున్న తొడుగు తీసి కుడిచెయ్యి చాపిండు. ఆకుల అన్నం పెట్టిచ్చిన."

కత్తెర ఆగింది. అప్పటిదాకా ఆగని కత్తెర.

"బొటనవేలికి గోరు లేదు సారు."

రాజేశం గడప దగ్గరికి జరిగాడు.

"మా అల్లునికి గట్లనే ఉంటది. జాకీ జారి పోయింది, మా బిడ్డ శ్రావణి నెల రోజులు కట్టు కట్టింది. నా అల్లుని చెయ్యి నాకెరుక గాదా? వాడే. అత్తమ్మా అని నోరు తెరువలే. మొకం చూపియ్యలే. దొరలతోని తిరుగుతున్నడు గదా, రోడ్డు మీద గంటె పట్టుకున్న అత్తను చూస్తే నామోషీ అయి ఉంటది." ఆమె చేటలోకి చూస్తూ గొంతు తగ్గించింది. "నేను గూడ పిలువలే. బిడ్డకు గూడ చెప్పలే. చెప్తే వాళ్లిద్దరికి కొట్లాటైతది. నువ్వు బయటోడివి గనక నోరుజారింది. ఎవ్వలకు చెప్పకు."

ఇది ఆమెకు మనసులో ముల్లు. రాజేశానికి సాక్ష్యం. ఆమె తన పరువు తీసి అతని చేతిలో పెడుతోంది, అతను దానికి విలువ కట్టుకుంటున్నాడు. చెప్పాలి కదా, నువ్విప్పుడు అన్న మాట కేసు మొత్తాన్ని తిప్పుతుందని. నోరు తెరిచాడు.

"మీరు చెప్పింది నవీన్‌కు పనికొస్తది అమ్మా," అన్నాడు. అబద్ధం కాదు. కానీ అది సగం మాట.

"గట్లనా? అయితే ఇడుస్తరా సారు?" ఆమె చేట పక్కకు పెట్టి, అతని నంబరు ఒక బీడీ కట్ట కాగితం మీద రాయించుకుంది.

సిరిసిల్ల చేరేసరికి పన్నెండూ ముప్పై ఐదు. జట్టు షెడ్డు ఒకప్పుడు మరమగ్గాల కార్ఖానా. ఏడో నంబరు బండి మధ్యలో ఉంది, ఎడమ వైపంతా నలిగి. హత్య కేసులో ముఖ్యమైన వస్తువు జట్టు షెడ్డులోనే ఎందుకుందో సీఐని తర్వాత అడగాలి. నిర్వాహకుల ఉత్తరం చూపిస్తే కాపలాదారు రాజయ్య పక్కకు తప్పుకున్నాడు.

రాజేశం ముందు కుడి చక్రం దగ్గర వెల్లకిలా పడుకున్నాడు. బ్రేకు పైపు ఉంది, నీటుగా తెగి. కట్టర్‌తో ఒక్క నొక్కుడు. అతను చక్రం లోపలి వైపు వేలితో గీశాడు. పొడి దుమ్ము వేలికి పౌడరులా అంటింది. పైపు పరుగులో తెగి ఉంటే, పెడల్ తొక్కిన ప్రతిసారీ ఆయిలు ఈ చక్రమంతా చిమ్మేది. దుమ్ము ఆ ఆయిలుకు అంటుకుని జిగురు ముద్దయ్యేది. ఇక్కడ ఆయిలు చుక్క లేదు. తెగిన కొస దగ్గర మాత్రం నాలుగు ధారలు పైపు మీదుగా పైకి, చట్రం వైపు పాకి ఆరిపోయి ఉన్నాయి. ఆయిలు పైకి కారదు. బండి తలకిందులుగా ఉన్నప్పుడు కారింది.

పైపు కోసింది ప్రమాదం తర్వాత. నవీన్ ప్రమాదం చేయలేదు. ప్రమాదానికి వేషం వేశాడు. ఎందుకు?

డ్రైవరు వైపు తలుపులోంచి లోపలికి వంగాడు. సీటు ముందుకు జరిపి ఉంది. ఆరడుగుల సాకేత్‌కు ఆ సీట్లో మోకాళ్లు మడవడానికి కూడా చోటు చాలదు. కింద అంతా శుభ్రంగా ఉంది. బోల్తా పడిన బండిలో గాజుపెంకులు, మట్టి ఉండాలి. నావిగేటర్ వైపు ఉన్నాయి కూడా. ఇటు మాత్రం ఎవరో గుడ్డతో తుడిచారు. టార్చి వేసి చూస్తే బ్రేకు పెడల్ వెనక, తుడుపు అందని మూలలో, ఎండిన మెతుకులు నాలుగైదు, గోరంత ఆకు ముక్క. అన్నం తిన్న ఆకు. మెతుకులు పసుపుపచ్చగా ఉన్నాయి. కాగితంలో పొట్లం కట్టి జేబులో వేసుకున్నాడు. వినోద్ ఈ సీట్లో కూర్చున్నాడనడానికి ఇదొక ఆధారం అనుకున్నాడు, అంతకు మించి ఆలోచించలేదు.

"ఏం చూస్తున్నరు సార్?"

వెనక నిలబడ్డ మనిషి పొట్టిగా, గట్టిగా ఉన్నాడు. చేతిలో స్పానర్, అదీ ఎడమచేతిలో. కుడి భుజం కొద్దిగా పైకెత్తి, దేనికీ తగలకుండా జాగ్రత్తగా పెట్టుకున్నాడు. బొటనవేలికి గోరు లేదు.

"నీ కోసమే చూస్తున్న వినోద్. భుజాలు బాగ నొస్తున్నయా?"

వినోద్ ముఖం పాలిపోయింది. "నేను స్పేర్ డ్రైవర్ను. నేను నిన్న షెడ్డులనే..."

"ఈ బండి నిన్న నువ్వు నడిపినవ్. మొన్న గూడ అడవి స్టేజీలు నువ్వే నడిపినవ్. బోల్తా పడంగనే సర్వీస్ వ్యాన్ల ఉన్న సాకేత్‌ను దించి, నుదురు మీద గీత పెట్టి, నిన్ను వ్యాన్ల తోలిచ్చిండ్రు. నీ టైములు ఆయన పేరు మీద అమ్ముకున్నవ్."

"అమ్ముకోలే!" స్పానర్ కింద పడింది. "ఈ ఒక్క ఏడాది నడుపు, వచ్చే ఏడాది లైనప్‌ల నీ పేరు మొదట ఉంటది అన్నడు సాకేత్. మావోల్లల్ల ఇప్పటిదాకా ఎవని పేరు బండి తలుపు మీద రాయలే సార్. పేరు కోసం పేరు దాచుకున్న. అంతే."

"ఆ పేరు కోసం నీ బామ్మర్ది ఐదింటికి జైలుకు పోతడు."

వినోద్ గోడ పట్టుకుని కూర్చుండిపోయాడు. రాజేశం అతని ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు. ఇలాంటప్పుడు అరిచి నిజం రాబట్టవచ్చు, ఉద్యోగంలో ఉండగా అదే చేసేవాడు. కానీ ఇప్పుడు నోటికి వేరే మాట వచ్చింది.

"రెండువేల తొమ్మిది డిసెంబర్ల నేను ఎస్సైని. విద్యార్థుల ఊరేగింపు మీద లాఠీ లేసింది. ఒక పిలగానికి కన్ను పోయింది. గోడ దూకుతుంటే పడ్డడని రిపోర్టు రాసింది నేనే. వాన్ని దవాఖానకు ఎత్తుకపోయింది గూడ నేనే. వాళ్ల అమ్మ నా చేతులు పట్టుకొని, నువ్వుండబట్టి బతికిండు కొడుకా అన్నది. చెప్పలేకపోయిన. ఇయ్యాలటికి గూడ చెప్పలే. నౌకరి ఇడిచిపెట్టిన గానీ, ఆ మాట నన్నిడువలే. నీకు మూడు గంటల టైమున్నది. నాకు అప్పుడు గంతకన్న ఎక్కువనే ఉండె."

వినోద్ లేచి రాజేశం మోటారు సైకిల్ వెనక కూర్చున్నాడు. జగిత్యాల దాకా అరవై కిలోమీటర్లలో ప్రతి గతుకు దగ్గరా అతని నోట్లోంచి ఒక మూలుగు వచ్చింది.

మూడూ ఇరవై ఐదుకు ఇద్దరూ సీఐ ముందు నిలబడ్డారు. నవీన్‌ను అప్పుడే బయటికి తెచ్చారు, చేతులకు తాడుతో. బావను చూడగానే వాడి ముఖం చెదిరిపోయింది.

"బావా, నువ్వెందుకచ్చినవ్? పో!"

"బండి నడిపింది ఇతను," అన్నాడు రాజేశం. "అంగీ ఇప్పి చూడు, రెండు బెల్టుల వాతలున్నయ్. పైపు కోసింది బండి బోల్తా పడ్డంక. ఆయిలు పైకి కారిన మరకలున్నయ్, ఫొటోలు తీసిన. ఇది హత్య గాదు పురుషోత్తం."

సీఐ ఫొటోలు చూశాడు. తొందరపడి నవ్వలేదు. చెడ్డ పోలీసు కాదతను. తొందర పోలీసు, అంతే. "అయితే పైపు ఎందుకు కోసిండు? బ్రేకులు మంచిగుంటే మలుపు కాడ ఒక్క జారుడు గీత గూడ లేదేంది? ఆడ బ్రేకు పడనే లేదు. నేను గూడ చూసిన రాజేశం, నువ్వొక్కనివే కండ్లున్నోనివి గాదు."

రాజేశం నవీన్ వైపు చూశాడు.

"సర్వీస్ వ్యాన్ల అచ్చి, బ్రేకు ఫెయిలైందనుకుంటరని కోసిన సార్," అన్నాడు నవీన్ గబగబా. "బావ మీదికి రావద్దని. అంతే, ఇంకేం లేదు. నా మీదనే రాసుకోండ్రి."

"నవీన్," అన్నాడు వినోద్. "ఊడ్చింది గూడ నువ్వేనా?"

"బావా, నీ కాళ్లు మొక్కుత. ఊకో."

"ఏం ఊడ్చిండు?" సీఐ ముందుకు వంగాడు.

వినోద్ కుడి అరచేతిలోకి చూసుకున్నాడు. "కోరుట్లల మా అత్తమ్మ అన్నం పెట్టిచ్చింది సార్. టోపీ తీస్తే జట్టు పరువు పోతది. తియ్యకుంటే తినలేను. ఆకు సీటుకు, తలుపుకు నడుమ పెట్టుకున్న. బండిల వదులుగ ఒక్క వస్తువు ఉండద్దు, అది మాకు మొదటి పాఠం. మల్యాల దాటినంక మధుకర్ రెండుసార్లన్నడు, పారెయ్యి అన్నా అని. పారేస్తమని అద్దం దించిన." అతను అరచెయ్యి మూసుకున్నాడు. "చేతులు రాలే. ఆమె మొకం చూడకుంట కూసున్నందుకే సచ్చిపోయినట్టుండె. ఆమె పెట్టిన అన్నం రోడ్డు మీద ఎట్ల పారెయ్యాలె? మలుపు అచ్చింది. మధుకర్ చదివిండు. బ్రేకు తొక్కిన. ఆకు కిందికి జారింది, పెడల్ మీద పప్పన్నం. కాలు జారింది సార్. మళ్ల తొక్కేసరికి రాయి అచ్చింది."

రాజేశం జేబులో పొట్లం ఉంది. దాన్ని బయటికి తీయలేకపోయాడు.

నవీన్ నేల మీద కూలబడి ఏడుస్తున్నాడు. "అమ్మకు తెల్వద్దని ఊడ్చిన సార్. తన అన్నం వల్ల ఒక మనిషి పోయిండని తెలిస్తే ఆమె మళ్ల ముద్ద మింగదు. పైపు కోస్తే అందరు అదే చూస్తరనుకున్న."

సీఐ పెన్ను మూత పెట్టాడు. ఈసారి గొంతులో వెటకారం లేదు.

"రాజేశం, నేను నమ్ముతున్న. నా నమ్మకంతోని పని గాదు. అనంత్ రావు జట్టు మొత్తం సాకేతే నడిపిండంటరు. వీడు బామ్మర్దిని ఇడిపిచ్చుకోను అబద్ధమాడుతున్నడంటరు. వాతలు షెడ్డుల దెబ్బలు అంటరు. ఈ మనిషి ఆ సీట్ల కూసున్నడని చూసిన సాక్షి ఎవలన్న ఉన్నరా?"

తాడు కట్టిన చేతులెత్తి నవీన్ దండం పెట్టాడు, సీఐకి కాదు, రాజేశానికి.

ఆ దండం చూసి కూడా రాజేశం నోరు మూసుకుని ఉండవచ్చు. మూసుకుంటే ఐదింటికి ఎవరినీ చంపని వాడు హత్య కేసులో లోపలికి పోతాడు. తెరిస్తే ఒక తల్లి తన కొడుకును విడిపించడానికి బిడ్డ మొగుణ్ణి అప్పజెప్పాలి. ఆ అన్నం ఎటు పోయిందో కాగితం మీద చదివించుకుని విని, కింద సంతకం చేయాలి.

"ఉన్నరు," అన్నాడు. తన గొంతే అయినా ఎవరిదో విన్నట్టుంది.

"ఐదు లోపల తీస్కరా. లేకుంటే నేను ఆగలేను."

మూడూ నలభై. కోరుట్ల ఇరవై ఐదు కిలోమీటర్లు. రాజేశం మెట్లు దిగి బండి తాళం తిప్పుతుంటే జేబులో ఫోను మోగింది. తెలియని నంబరు.

"సారూ, నేను కొమురమ్మను. పక్కింటోల్ల ఫోన్‌ల కెల్లి చేస్తున్న. నా మాట పనికొస్తదంటివి గదా, పనికొచ్చిందా? ఇడుస్తున్నరా నా కొడుకును?"

"నేనే వస్తున్న అమ్మా."

"మనసు నిలువక బిడ్డను గూడ రమ్మన్న. అల్లుడు పొద్దటి నుంచి ఫోన్ ఎత్తుతలేడట, ఏడ్చుకుంట అచ్చింది. ఇగో, పక్కనే ఉన్నది. ఏం చెప్పుమంటవ్ సారు దానికి?"